ఏడో గంటు

రైఫిలు లీవరు కిందికి లాగి పైకి కొట్టగానే ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.

"ఇంగొకతూరి లాగప్పా."

నారపరెడ్డికి నవ్వొచ్చింది. అయినా లాగాడు. ఖటక్, ఖటక్.

"యాడా వదులు కాలేదు. నాలుగొందలు," అన్నాడు ముసలాయన కళ్ళు తెరవకుండానే.

బళ్ళారి కంటోన్మెంటులో తుపాకుల కొట్టు ఇంకా తెరవలేదు. అమ్మడానికి తండ్రి వేట రైఫిలును గోనెపట్టాలో చుట్టుకుని, కూరెకుప్ప నుంచి మొదటి బస్సుకే వచ్చిన నారపరెడ్డి, పాలేరు యల్లప్పతో కలిసి ఆ కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. సాయంత్రంలోగా ఎనిమిది వందలు కట్టకపోతే, ఇనుపరాయి తోలడానికి బేరమాడుకున్న పాత లారీ ఇంకొకరి పాలవుతుంది.

ఈ ముసలాయన ఎవరో అరుగు చివర బొంత కప్పుకుని ఉన్నవాడు కాస్తా, తుపాకి బయటపడగానే పాలు చూసిన పిల్లిలా దగ్గరికి జరిగాడు. ఎడమచేతికి మూడు వేళ్ళే ఉన్నాయి.

"తక్కిన రెండూ యాడ పారేసుకుంటివప్పా?" అని యల్లప్ప ఎగతాళి చేశాడు.

"అడివిలో. ఎవురికో అక్కరకొచ్చినాయిలే."

ముసలాయన గొట్టం వెనక తెల్లకాగితం ముక్క పెట్టి, ముందునుంచి ఒంటికంటితో చూశాడు.

"లోపలి మెలిక గీతలు నిన్న తీసినట్టుండాయి. ఐదొందల యాభై."

"వింటివా యల్లా!" నారపరెడ్డి మోకాళ్ళ మీద లేచాడు.

గొట్టాన్ని గోటితోనైనా తాకకుండా ఎండకు వంచాడు ముసలాయన.

"అమెరికావోళ్ళేసిన నీలం రంగు అట్లే ఉండాది. ఇప్పుడు సర్కారు ఇట్లాటివి బయటినుంచి రానిచ్చేది లేదు గదా. ఏడొందలు."

నారపరెడ్డి మనసు అప్పుడే లారీ ఎక్కి హారను కొడుతోంది.

ముసలాయన తుపాకి మడమను, భుజానికి ఆనించే చెక్కను, తిప్పాడు. చెక్క అడుగున కత్తితో కోసిన గంట్లను బొటనవేలితో ఒక్కొక్కటే తడిమాడు. ఏడు. ఏడోదాని దగ్గర వేలు ఆగింది.

"దరోజి గుట్టల ఎలుగ్గొడ్లు, గంటుకొకటి," అన్నాడు నారపరెడ్డి గర్వంగా. "ఆ ఏడోది మా నాయన్ని కిందేసుకునె. రొమ్ముమీదుండంగనే ఒంటిచేత్తో కాల్చె మా నాయన!"

"మీ నాయనే చెప్పినాడా?"

"ఆయప్ప యాడ చెప్పె! అడిగితే లేచి పోతాండె. ఊరంతా చెప్తాది."

"ఎట్లుండాడు మీ నాయన?"

"పోయి ఆరేండ్లాయె."

ముసలాయన రైఫిలును మెల్లగా గోనెపట్టా మీద పెట్టాడు. తరువాత గబగబా బొంత దులుపుకుని లేచాడు.

"ఈ గంట్లతో అయితే వెయ్యికి తక్కువ బేడ, ఇయ్యొద్దు. కాఫీతోటల సావుకారొకాయన బంగళాలో దిగుండాడు, ఇట్లాటిదానికే వెతుకుతాండాడు. కొట్టాయన వెంకటకృష్ణయ్యను ఇంటికి పోయి పిల్చుకొస్తా. అంతవరకూ సుమ్నే, ఊరికే కూర్చోండి. తుడిచేది గూడ వద్దు."

వెయ్యి! నారపరెడ్డి అరుగు మీద నిలవలేకపోయాడు.

"మాసిపోయుంటేనే వెయ్యంటే, మెరిస్తే ఎంతొస్తాది యల్లా?"

"పదైదొందలు రెడ్డీ! పట్టు, తోముదాం!"

ఆయుధపూజకు నాగలి కర్రు మొదలు కొడవలి దాకా ఇనుమంతా ఇటుకపొడితో తోమి తళతళలాడించడం వాళ్ళింటి ఆనవాయితీ. ఈ రైఫిలు ఒక్కదానికే తండ్రి పూలదండ తప్ప మరేదీ తగలనిచ్చేవాడు కాదు. పెద్దాయన చాదస్తం అని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవారు.

యల్లప్ప ఎదుటి హోటలు నుంచి చింతపండు, ఇటుకపొడి తెచ్చాడు. పక్క వడ్రంగి గరుకు కాగితం ఇచ్చాడు. ఇద్దరూ పందెం వేసుకున్నట్టు రుద్దారు. గొట్టం వెండికడ్డీ అయింది. మడమ పెండ్లిపీటలా నున్నబడింది.

"పెండ్లికొడుకు!" అంటూ యల్లప్ప కుంకుమ కూడా పెట్టాడు.

వెంకటకృష్ణయ్య దాదాపు పరుగున వచ్చాడు. వెనకనే ముసలాయన.

"యాడప్పా ఏడు గంట్ల రైఫిలు?"

"ఇదే సామీ! ఎట్లుండాది?"

వెంకటకృష్ణయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"చెంబు మాదిరుండాది. రంగు పాయె, గంట్లు పాయె. సావుకారికి ఏం చూపించేది? రెండొందల యాభై, అంతే."

"పెద్దాయనా, నువ్వన్నా చెప్పు!" నారపరెడ్డి ముసలాయన వైపు తిరిగాడు.

ఏడో గంటు ఉండిన చోట ముసలాయన బొటనవేలు ఆనించి, కాసేపు ఉంచి, తీశాడు.

"నీ తుపాకి, నీ ఇష్టమప్పా."

బొంత భుజాన వేసుకుని కోట వైపు నడిచిపోయాడు.

"ఎవరు సామీ ఆయన?"

"పేరు చెప్పడు. ఎప్పుడన్నా వచ్చి కూర్చుంటాడు. లీవరు చప్పుడు విని ధర చెప్తాడు, పైసా ముట్టడు. లైసెన్సు పుస్తకం తే, నంబరు చూస్తాం."

వెంకటకృష్ణయ్య పుస్తకాన్ని తోలుతొడుగులోంచి లాగగానే, లోపల అతుక్కుని ఉన్న కాగితపు మడత ఒకటి అరుగు మీద పడింది. తండ్రి చేతివ్రాత. నారపరెడ్డి విప్పి చదివాడు.

"నారపా, ఏడో ఎలుగును నేను కాల్చలేదు. అది నా గొంతు పట్టబోతే, దాని నోట్లో తన ఎడమచెయ్యి పెట్టి, కుడిచేత్తో కాల్చినవాడు దుర్గప్ప. ఈ రైఫిలు ఆనాడే అతనికి ఇచ్చేశాను. 'నేనొచ్చి తీసుకుపోయేదాకా మీ ఇంట్లోనే ఉండనీ' అన్నాడు గనుక, దాని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనియ్యలేదు."