తువ్వాలు వేసిన సీటు

నందిగామలో బస్సు ఆగేసరికే లోపల గొడవ.

"ఎవరికయ్యా ఆ సీటు? చిల్లకల్లు నుంచి చూస్తున్నా. మనిషీ లేడు, మూటా లేదు. తువ్వాలు కూర్చుంటుందా?"

"వస్తారండి," అన్నాడు పెద్దాయన, పక్క సీటు మీద పరిచిన తువ్వాలు మీంచి చెయ్యి తియ్యకుండా.

క్రిస్టీ జనాన్ని తప్పించుకుంటూ ఎక్కింది. ఆమెకు ఆరో నెల. ఆడవాళ్లకు టిక్కెట్టు తీసేసిన దగ్గర్నుంచీ, జగ్గయ్యపేట నుంచి బెజవాడ వెళ్లే ఆ బస్సులో పొద్దున పూట కాలు పెట్టే చోటుండదు.

పెద్దాయన ఆమెను చూశాడు. తువ్వాలు తీసి, దులిపి, భుజాన వేసుకున్నాడు.

"కూర్చోమ్మా."

"మీ అమ్మాయా?" అన్నాడు గొడవపడ్డాయన.

"కాదండి."

"మరి?"

పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు.

క్రిస్టీ కూర్చుంది. కూర్చోక తప్పలేదు.

పోయిన నెల దాకా క్రిస్టీ వాళ్ల కాపురం బెజవాడలోనే. బయట గోడలకు రంగు వేయించి ఓనరు అద్దె పెంచాడు. పాలు, గ్యాసు, కరెంటు పోగా ఆమె భర్త శాంతికుమార్ జీతంలో మిగిలేదేమీ లేదు. నందిగామ వచ్చి వెతికితే అక్కడా ఇళ్లు లేవు. ఖాళీ లేదన్న ఒక ఓనరు, రెండు వేలు ఎక్కువిస్తామనేసరికి నెల తిరక్కుండా తాళం చేతిలో పెట్టాడు.

ఇల్లు బాగుంది. నడిగదిలో శ్లాబు కొక్కేనికి ఉయ్యాల గొలుసులు కూడా వేలాడుతున్నాయి.

"ఎవరో మర్చిపోయారు. మన అదృష్టం," అన్నాడు శాంతికుమార్.

బెజవాడ బీసెంట్ రోడ్డులో చీరల షాపులో బిల్లింగు కౌంటరు ఆమెది. కూర్చుని చేసే పనే. "దారిపొడవునా నిలబడి మాత్రం వెళ్లొద్దు. సీటు దొరక్కపోతే ఉద్యోగం మానెయ్యి," అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మానేస్తే ఈ ఇంటి అద్దె కూడా కట్టలేరు.

అందుకే రోజూ ఆ సీట్లో కూర్చునేది. ఆయన తనకెందుకు సీటు ఆపుతున్నాడో తెలీక బిక్కుబిక్కుమంటూ కూర్చునేది.

ఒకరోజు ఆయనే పలకరించాడు.

"మీ సందులో కుళాయి తొందరగా కట్టేస్తారు. బిందెలు మీ ఆయన చేత ఎత్తించుకో, నువ్వు వంగకు."

క్రిస్టీ చప్పున తల తిప్పి ఆయన్ని చూసింది. తన సందు ఈయనకెలా తెలుసు?

సాయంత్రం విషయం విన్న శాంతికుమార్ అన్నం ముందునుంచి లేచాడు.

"అంటే ఇంటి దాకా వచ్చి చూసి వెళ్తున్నాడన్నమాట!"

మర్నాడు అతనూ బస్సెక్కాడు.

"ఏమయ్యా, ఆడపిల్ల పక్కన కూర్చోవడానికి జగ్గయ్యపేట నుంచి తువ్వాలు పరుచుకొస్తావా? పెద్దమనిషివేనా నువ్వు? మా ఇంటి చుట్టూ ఏం పని నీకు?"

బస్సంతా వెనక్కి తిరిగి చూసింది.

"నేనారోజే అనుకున్నా," అన్నాడు వెనక నుంచి, మొదటిరోజు సీటు కోసం గొడవపడ్డాయన.

పెద్దాయన నోరు తెరిచాడు. క్రిస్టీ పొట్ట వైపు ఒకసారి చూసి, చెప్పబోయింది మింగేశాడు. తువ్వాలు తీసుకుని లేచాడు.

"అరవకు బాబూ, అమ్మాయి బెదిరిపోతుంది. ఆమెను కూర్చోనీ. నేను అటు వెళ్తా."

బెజవాడ దాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

పీడ వదిలిందనుకుంది క్రిస్టీ.

ఆ తర్వాత ఆయన మళ్లీ కనిపించలేదు. సీటూ దొరకలేదు.

"కాస్త ఎవరైనా లేస్తారా అండీ?" అని అడిగితే, అందరికీ ఒక్కసారే ఫోన్లలో పనిపడేది.

కాళ్లు వాచిపోయాయి. డాక్టరమ్మ కేకలేసింది. ఇక రానని షాపులో చెప్పేసి రావడానికి క్రిస్టీ చివరిసారి బస్సెక్కింది.

ఆమె అవస్థ చూడలేక కండక్టరు మెర్లిన్ తన సీటే ఇచ్చింది.

"కూర్చోమ్మా. టిక్కెట్లు కొట్టేదాన్ని, నాకెలాగూ నిలబడక తప్పదు."

కాసేపు ఊపిరి తీసుకుని క్రిస్టీ అడిగింది.

"ఆ తువ్వాలు పెద్దాయన రావట్లేదా మేడమ్?"

"రత్నబాబు గారా? బెజవాడలో వాచ్‌మన్ పని మానేశారు. జగ్గయ్యపేటలోనూ అద్దె పెంచారట. వత్సవాయి అవతల ఏదో పల్లెకు మారిపోయారు."

"నాకెందుకు సీటు ఆపేవారో..."

"నందిగామలో ఎక్కితే సీటుండదని ఆయన కంటే ఎవరికి తెలుసమ్మా? ఏళ్ల తరబడి అక్కడే ఎక్కి, నిలబడే వచ్చేవారు. అక్కడే అద్దెకుండేవారు."

"మరి నందిగామ ఎందుకు వదిలారు?"

"వదల్లేదు, వదిలించారు. ఎవరో బెజవాడ వాళ్లు రెండు వేలు ఎక్కువిస్తామన్నారట, ఓనరు వీళ్లను ఖాళీ చేయమన్నాడు."

మెర్లిన్ ఒకరికి టిక్కెట్టు కొట్టిచ్చి మళ్లీ ఇటు తిరిగింది.

"మనవరాలి కోసం కొన్న ఉయ్యాల గొలుసులు అక్కడే ఉండిపోతే తెచ్చుకుందామని మళ్లీ ఆ ఇంటికి వెళ్లారట పాపం, కొత్తగా దిగినమ్మాయి కడుపుతో గుమ్మంలో నిలబడి ఉండటం చూసి, వాళ్లకే పనికొస్తాయిలే అని, గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చేశారు."