పెరటి పైపు

మునిసిపాలిటీ ఇంజనీరు తన పుట్టింటి పెరట్లో తవ్వించేసరికి, వానకాలవలోకి దొంగచాటుగా పెట్టిన మరుగుదొడ్డి పైపు బయటపడింది.

సభలో దేశభక్తి మీద మాట్లాడి అప్పుడే ఇంటికొచ్చిన ఆమె తండ్రి, చొక్కా మీద జెండా బ్యాడ్జీ అయినా తియ్యకుండా పెరట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా కన్నతండ్రి ఇల్లే దొరికిందా నీకు? నా పరువేం కావాలి?"

"మన మురుగు ఈ కాలవలోంచి పోయి కింద వీధివాళ్ల మంచినీళ్లలో కలుస్తోంది నాన్నా. ఇంటికొకరు జ్వరంతో మంచం పట్టారు. వాళ్లు మాత్రం ఈ దేశం మనుషులు కారా?"

"నాకే పాఠాలు చెబుతావా? నా మీద ఫిర్యాదు చేసిన వెధవెవడో ముందు చెప్పు, వాడి అంతు చూస్తాను!"

"నాకు తెలీదు. తెలిసినా చెప్పను," అని, పైపు కోసెయ్యమని ఆమె పనివాళ్లకి సైగ చేసింది.

వంటింటి గుమ్మంలోంచి తల్లి బయటికొచ్చింది.

"ఆ వెధవ నేనేనండీ," అంది. "మీకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. అందుకే ఆఫీసుకెళ్లి చెప్పాను. ఇంకెవరొచ్చినా మీరు మాటలతో సాగనంపేస్తారని, మన అమ్మాయినే పంపమని మరీ అడిగాను."