పెండింగ్ సున్నా

కుళాయి తిప్పగానే ముందు వాసన వచ్చింది. నీళ్ళు ఆ తర్వాత వచ్చాయి.

శివాని ముక్కు మూసుకుని బిందె పక్కకు జరిపింది. పసుప్పచ్చటి నీళ్ళు, అందులో మెలికలు తిరుగుతున్న సన్నటి పురుగులు. మురికి కాలవ ఎక్కడో పైపులో కలుస్తోందని వీధి వీధంతటికీ తెలుసు. మున్సిపాలిటీకి మాత్రం తెలియదు. వాళ్ళమ్మ సుబ్బరత్నమ్మ ఆరు నెలల్లో మూడు అర్జీలు ఇచ్చింది. రెండు సార్లు విరేచనాలు పట్టుకుని సెలైన్ ఎక్కించుకుంది. అర్జీలు ఏ బీరువాలో నిద్రపోతున్నాయో దేవుడికెరుక.

"శివానీ, ఈసారన్నా మీ కంప్యూటర్లో పెట్టి సూడు. ఇంగ నా చేత కాదు ఈ నీళ్ళు తాగేది," అందామె నీరసంగా.

విడ్డూరమేమిటంటే, వాళ్ళ ఊరి మున్సిపాలిటీకి ఫిర్యాదుల యాప్ తయారు చేస్తున్నది శివాని పనిచేసే కంపెనీయే. కంపెనీ అంటే కడపలో ఒక మేడ మీద గది, నలుగురు మనుషులు, పైన భూపేష్ అనే యజమాని. నీళ్ళ విభాగం ఇంజనీరు దాన్ని వాడి చూసి సంతకం పెడితే యాప్ ఊళ్ళోకి వస్తుంది. వస్తే అమ్మ అర్జీని ఎవరూ బీరువాలో దాచలేరు. శివాని ఆశంతా దాని మీదే.

బుధవారం ఆమె ఆఫీసు లాప్‌టాప్‌లో కంటైనర్ పెట్టింది. అది మిషన్ లోపల ఇంకో పెట్టె లాంటిది. డేటాబేస్ మొత్తం దాంట్లోనే ఉంటుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు, చెడిపోతే పారేసి నిమిషంలో ఇంకోటి తెచ్చుకోవచ్చు. మొదటిసారి నిజంగానే పారేయాల్సి వచ్చింది. దాచుకునే చోటు చూపించడం మరిచిపోయింది, పెట్టె తీసి కొత్తది పెట్టేసరికి ఎక్కించినవన్నీ మాయం. నెత్తి కొట్టుకుని, డిస్కులో చోటు చూపించి, అర్జీలు మళ్ళీ ఒక్కొక్కటే ఎక్కించింది.

హనుమంతమ్మ కుళాయిలో జలగ. విశ్వాసమ్మ ఇంటి ముందు మూడు రోజులుగా పొంగుతున్న మరుగుదొడ్డి గుంత. ఏసుకుమార్ వీధి ట్యాంకులో చచ్చి ఉబ్బిన పంది. అలా ముప్పైతొమ్మిది. కొట్టేటప్పుడు శివానికే వాంతి వచ్చినంత పనైంది, మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయలేదు.

నలభయ్యోది అమ్మది. సుబ్బరత్నమ్మ, ఇంటి నంబరుతో సహా. ఇదైనా ఇంజనీరు సారు కంట పడకపోతుందా అనుకుంది.

మర్నాడు లాప్‌టాప్ తీసుకుని ఇంజనీరు ఓబుళేశు గదికి పోయింది. ఊరికంతా నీళ్ళిచ్చే మనిషి బల్ల మీద సీలు తీయని నీళ్ళ సీసా. ఆయన నమిలిన వక్కాకు చేతులు కడుక్కునే తొట్టిలో ఉమ్మి వచ్చి కూర్చున్నాడు. తొట్టి అంచున ఎర్రగా చారలు కట్టి ఉంది. శివాని చూపు తిప్పుకుంది.

"సార్, ఈ అర్జీల గురించి మీకు ఒక మాట..."

"అర్జీల గురించి నాకు చెప్తావా పాపా? ముప్పై ఏండ్ల సర్వీసు. పెట్టి పో. శనివారం రా."

"అది కాదు సార్..."

"సోమవారం కలెక్టర్ మీటింగు ఉండాది. నాకు శానా పనులుండాయి. పో."

భూపేష్‌కు ఫోన్ చేస్తే ఆయనా అదే పాట. "పెద్దాయనతో వాదం వద్దు శివానీ. మనకు సంతకం కావాల."

శనివారం పొద్దున కూడా ఇంట్లో కుళాయి అదే కంపు. సాయంత్రం శివాని వెళ్ళేసరికి ఓబుళేశు మహా హుషారుగా ఉన్నాడు. లాప్‌టాప్ ఇటు తిప్పాడు. తెర మీద పెద్ద పచ్చ అక్షరాలు: పెండింగ్ సున్నా.

"చూస్తివా? నలభై కనపడితే నాకు నిద్ర పట్టలా. రెండు దినాల్లో తీర్చేసినాం. సంతకం కూడా పెట్టేసినా, కాగితం తీస్కో."

శివాని తెర వంక చూసింది. ఆయన వంక చూసింది.

"హనుమంతమ్మ ఇంటికి పోయినారా సార్?"

"పోకుండా ఎట్ల? నేనే పోయినా. మంచి ముసలామె, కాకుంటే చెవుడు. పైపు మార్పిస్తే సంతోషపడి మజ్జిగ ఇచ్చింది."

శివాని తెర మీద ఇంకో పేరు చూపించింది.

"ఏసుకుమార్?"

"వాడా? తాగుబోతు. పంది ఎత్తేదాకా మా మీద తగువుకొచ్చినాడు. సర్దిచెప్పి సంతకం తీసుకున్యాం."

ఆయన మళ్ళీ లేచి తొట్టిలో ఉమ్మాడు. ఇంత అసహ్యం తన వీధి నీళ్ళను చూసినా కలగలేదు శివానికి. తెరను కిందికి జరుపుతూ పోయింది. తీరింది, తీరింది, తీరింది. ముప్పైతొమ్మిది దగ్గర ఆగింది.

"ఇంకొకటి ఏమైంది సార్?"

ఓబుళేశు నవ్వాడు. "అన్నీ తీరినాయంటే పైనోళ్ళు నమ్ముతారా? బిడ్డకు దిష్టిచుక్క పెట్టినట్ల, ఒకటి బోగస్ కింద రాసినా. అప్పుడు లెక్క నిజం మాదిరి ఉంటాది. ఇదంతా సర్వీసులో నేర్చుకునేది పాపా."

శివాని నలభయ్యో వరుస తెరిచింది. సుబ్బరత్నమ్మ పేరు కింద నల్లగా ఉంది: 'స్వయముగా విచారించితిమి. సదరు పేరు గల మనిషి ఆ వీధిలో లేదు.'

లాప్‌టాప్‌లో పెట్టె సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడటానికి బుధవారం శివాని తన బుర్రలోంచి కల్పించి ఎక్కించిన ముప్పైతొమ్మిది మంది నడుమ, నిజంగా ఆ ఊళ్ళో ఉండి ఆ నీళ్ళు తాగుతున్న మనిషి సుబ్బరత్నమ్మ ఒక్కతే.