కాయ లేచిన చోటు

దేవరకొండ బస్సుకు ఇంకా గంట ఉంది. బట్టలు సర్దుతున్న పెద్దులు చేతికి సంచిలో కొబ్బరికాయ తగిలింది. చేలల్లో నీళ్ల జాడ చూడటానికి అరచేతిలో పెట్టుకుని నడిచే కాయ అది. అది నిలువుగా లేచిన చోటే ఊరివాళ్లు బోర్లు వేయించేవాళ్లు.

“గిదెందుకు వెట్టినవ్? సముద్రం ఒడ్డుకు పోతున్నం. ఆడ నీళ్లకు కరువా?”

“ఆడ బోరేస్తే ఉప్పునీళ్లే వస్తున్నయట,” అంది భార్య కోమల. “సగం ఊరు ఖాళీ అయిందట. నా మొగడు మంచినీళ్లు జూస్తడని మా అన్నతోని చెప్పిచ్చిన. అందుకే ఉండనీకి జాగా ఇస్తున్నరు.”

పెద్దులు కూలబడ్డాడు. ఊళ్లో రైతు మారయ్య చేలో తను మూడుసార్లు నీళ్ల జాడ చూశాడు. మూడు బోర్లలోనూ దుమ్మే లేచింది. నాలుగోసారి మారయ్య తనను పిలవలేదు, పురుగుమందు తాగాడు. అప్పటినుంచి పెద్దులును ఎవరూ కూలికి కూడా పిలవడం లేదు.

“గట్లయితే నేను రాను.”

“రాక? ఈడేం తింటం?”

“కోమలా, ఇన్నేండ్లు నీకు జెప్పలే. గా కాయ ఎన్నడూ లేవలే. బొటనేలుతోని నేనే లేపిన.”

ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. కోమల అతని చేతిలోంచి కాయ తీసుకుంది, కొంగుతో తుడిచి మళ్లీ బట్టల నడుమ పెట్టింది.

“నాకెరుకే,” అంది. “మారయ్య చేన్ల నీ పక్కనే ఉంటి గదా. లే, బస్సుకు టైమైతాంది.”