స్వర్ణముఖి ఇసుకలో రావణుడు

భూస్వామి సుందరరాజు చేతికర్ర తెచ్చి సరిగ్గా రావణాసురుడి చివరి తలకాయ మీద ఆనించాడు.

“ఈ మొగం ఎవురిది రా, మునెయ్యా?”

స్వర్ణముఖి ఇసుకలో ఆరేసిన కలంకారీ గుడ్డ పక్కన మునెయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రావణుడిదేనని నమ్మబలికాడు. నమ్మేదెవరు? ఆ ముక్కు, ఆ గుబురు మీసం, ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చతో సహా, గుడ్డలోంచి సుందరరాజే సుందరరాజును గుడ్లురిమి చూస్తున్నాడు. మునెయ్య చెయ్యి అంతే, రాక్షసుడి మొహం గీయాల్సి వస్తే ఊళ్లో పెద్దమనుషుల దగ్గరికే పోతుంది.

ఏటికి నీళ్లకొచ్చిన ఆడవాళ్లు అప్పటికే నోటికి చెంగులు అడ్డం పెట్టుకుని పోతున్నారు. సుందరరాజుకు ఒళ్లు మండిపోయింది. తన పేరుతో గుడికి ఇవ్వబోయే గుడ్డ అది. ఆ మొహం వెంటనే తుడిచెయ్యమన్నాడు. ఇనప తుక్కూ బెల్లమూ ఊరబెట్టి తీసిన నలుపు, గుడ్డ చినిగినా పోదని మునెయ్య నసిగాడు.

“అట్లయితే ఇది నాకొద్దు. నువ్వే కప్పుకో.”

ఉగాది ముందు మొదలుపెట్టిన పని. యుద్ధం రోజులు, మూరెడు గుడ్డ దొరకడమే గగనం. ఇది వెనక్కొస్తే ఇంట్లో పొయ్యి వెలగదు.

అప్పటిదాకా నీళ్లలో ఇంకో గుడ్డ జాడిస్తున్న అతని పెళ్లాం మునిరత్నమ్మ చేతులు తుడుచుకుంటూ గట్టెక్కింది.

“కోపం చేసుకోవద్దు సామీ. పక్కన తలకాయ గూడా రవ్వంత సూడండి.”

సుందరరాజు వంగి చూశాడు. కరణం. మెల్లకన్నుతో సహా కరణమే. ఆ పక్కన వడ్డీ షావుకారు. ఆ పక్కన బియ్యం మిల్లు ఆసామి. ఒక్కొక్కరినీ గుర్తుపట్టేకొద్దీ ఆయన పొట్ట కదలసాగింది. చివరికి కర్ర పారేసి, ఇసుకలో కూలబడి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. మునెయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఆ నవ్వు ఠక్కున ఆగిపోయింది. అన్నిటికన్నా పెద్ద కిరీటం పెట్టుకున్న నడిమి తల ప్లీడరు జయరావుది. ఏ పంచాయతీలోనూ సుందరరాజు మాట నెగ్గనివ్వని జయరావుది.

సుందరరాజు లేచి కర్ర అందుకున్నాడు. మునెయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“గుడ్డ నేనే తెప్పిస్తా, ఇంకొకటి రాయి,” అన్నాడు సుందరరాజు పళ్లు కొరుకుతూ. “నేనుండగా నడిమి తలకాయ ఆ ప్లీడరుకు యెట్లా పెడతావు రా?”