ఐదో ముద్ర

"మూత జర పైకి లేపు" అన్నాడు పరమేశ్వర్.

ఎస్తేర్ కదల్లేదు. కుడిచేతికి చున్నీ చుట్టుకుని, ఎడమ చంకలో ల్యాప్‌టాప్ ఇరికించుకుని నిలబడింది.

చివరికి ఫ్రీజర్ పెట్టె మూత అతనే ఎత్తాడు. లోపల అతని అన్న రాఘవేందర్. నిన్న సాయంత్రం గుండె ఆగి చనిపోయాడు. పదకొండింటికి శ్మశానానికి తీసుకెళ్తారు. చల్లటి ఆవిరితో పాటు పసుపు వాసన, అగరొత్తుల వాసన, వాటి అడుగున ఇంకేదో వాసన.

వదిన అన్నపూర్ణను పరమేశ్వర్ అప్పుడే ఒప్పించి వచ్చాడు. "అన్న కష్టపడి పెంచిన కంపెనీ, వదినా. ఆఖరిసారి అన్న చెయ్యి తాకిస్త. ఆశీర్వాదం." ఆమె కళ్లు తుడుచుకుంటూ ఆడవాళ్లందరినీ వాకిట్లోకి తీసుకుపోయింది.

కంపెనీ అంటే మొయినాబాద్ రోడ్డు మీద రెండు గదులు. ఎరువుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తారు. చేవెళ్ల చుట్టూ మూడొందల దుకాణాల్లో నడుస్తోంది. కొత్త అప్‌డేట్ ఏది వెళ్లినా, దుకాణంలోని కంప్యూటర్ ముందు దాని మీద డిజిటల్ సంతకం చూస్తుంది. ఉంటే ఎక్కించుకుంటుంది. లేకపోతే తోసేస్తుంది. ఆ సంతకం చేసే తాళం బొటనవేలంత యూఎస్‌బీ టోకెన్‌లో ఉంది. అది వేలిముద్రకే తెరుచుకుంటుంది.

"నా వేలు పడనిదే ఒక్క కాపీ గూడ బయటికి పోదు" అని రాఘవేందర్ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. సంతకం రోజు తలుపు వేసుకునేవాడు. అప్‌డేట్‌ను సిద్ధం చేసే ఉద్యోగి ఎస్తేర్ తప్ప లోపల ఇంకెవరూ ఉండకూడదు.

నెల కిందట పరమేశ్వర్ కొత్త అప్‌డేట్‌లో ఓ దొంగ ముక్క దూర్పించాడు. ఎరువులు కొన్న రైతుల ఫోన్ నంబర్లు, ఆధార్, పట్టా వివరాలు దుకాణదారుకు తెలియకుండానే ఓ లోన్ యాప్ వాళ్లకు చేరిపోతాయి. "నేను సచ్చినా దీని మీద సంతకం పడదు" అన్నాడు రాఘవేందర్. ఎస్తేర్ అక్కడే ఉంది. చేవెళ్ల దగ్గరి ప్రొద్దుటూరులో వ్యవసాయం చేసే ఆమె తండ్రి స్వామిదాసు పేరు కూడా ఆ రైతుల్లో ఉంది.

ఎస్తేర్ ల్యాప్‌టాప్‌ను కుర్చీలో పెట్టింది. టోకెన్ గుచ్చింది.

"ఐదుసార్లు తప్పు పడితే మూసుకుపోతది, చిన్నసార్. మళ్ల ఎవ్వరు తెరవలేరు."

"తప్పెందుకు పడతది? వేలు అన్నదే గదా!"

శవం రెండు బొటనవేళ్లనూ కలిపి కట్టిన దారం విప్పాడు. కుడిచేతిని కుర్చీ మీదికి లాగాడు. వేలు ఆనించాడు. ఎర్రదీపం.

"పసుపు అడ్డమొస్తున్నది." జేబురుమాలుతో తుడిచాడు. మళ్లీ ఎర్రదీపం.

"సల్లగున్నదని తీస్కుంటలేదు." ఫ్లాస్కులోని వేడినీళ్లలో రుమాలు ముంచి వేలికి చుట్టాడు. చాయ్ మీద ఊదినట్టు ఊదాడు. ఎర్రదీపం. ఈసారి నోట్లో తడి చేసుకున్న తన వేలితో ఆ వేలిని రుద్దాడు. కంపెనీ పెట్టకముందు ఇరవై ఏళ్లు యూరియా బస్తాలు ఎత్తి దించిన వేలు. గీతలన్నీ అరిగి మైనం ముక్కలా నున్నగా ఉంది.

నాలుగోసారీ ఎర్రదీపమే.

ఒక్క మాటతో దీన్ని ఆపొచ్చని ఎస్తేర్‌కు తెలుసు. తెలిసీ నోరు మూసుకుని చూస్తోంది. అసహ్యం అతని మీదో, ఆ వాసన మీదో, ఇలా లెక్కపెడుతూ నిలబడ్డ తన మీదో ఆమెకే తేలడం లేదు.

"ఇంకొక్కటే ఉన్నది సార్."

"నువ్వు జర మణికట్టు గట్టిగ పట్టు."

"నేను పట్టను."

"గంత అసహ్యమా? నాలుగేండ్లు ఈయన ఉప్పు తిన్నవ్!"

"అందుకే సార్."

పరమేశ్వర్ పళ్లు కొరికి, శవం వేలిని విరిగిపోయేంతగా అదిమాడు. ఎర్రదీపం వెలిగింది. ఈసారి ఆరలేదు. టోకెన్ శాశ్వతంగా మూసుకుపోయిందని తెర మీద అక్షరాలు పడ్డాయి.

అతను చెయ్యి వదిలేశాడు. అది పెట్టె అంచుకు ఠప్పున తగిలింది.

"సచ్చి గూడ సాధిస్తున్నడు" అని బుసకొట్టాడు.

"అయ్యిందా పరమేశ్వర్?" బయటినుంచి అన్నపూర్ణ గొంతు.

క్షణంలో అతని గొంతు గద్గదమైంది. "అయ్యింది వదినా. అన్న దీవించిండు."

ఎస్తేర్ ఎడమచేత్తోనే ఆ చేతిని మెల్లగా లోపల సర్దింది. మూత వేసింది. ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచింది.

నల్లా దగ్గర చున్నీ విప్పి, సబ్బు అడిగి తీసుకుని, మొదటిరోజు నుంచీ ఆ టోకెన్ గుర్తుపట్టే ఒకే ఒక్క వేలిని, తన కుడి బొటనవేలిని, చర్మం మండేదాకా రుద్ది కడుక్కుంది.