మొగులు మీది కరెంటు

“మొగులు మీద పెట్టే పలకలకు మా భూమెందుకు సారూ?” అన్నాడు లింగం. ఇంద్రేశం పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్న రైతులు కిసుక్కున నవ్వారు.

కంపెనీ తరఫున వచ్చిన వెంకటరామయ్య ఓపిగ్గా మళ్లీ చెప్పాడు. “సోలార్ పలకలు అంతరిక్షంలో ఉంటాయి. అక్కడ రాత్రి లేదు, మబ్బు లేదు. పైనుంచి పంపే కరెంటును పట్టుకోవడానికి కింద తీగల వల పరవాలి. దానికి మీ భూమి. పని మొదలైన రోజు అప్పగించాలి. అందాకా మీరే దున్నుకోండి. పైగా ఎకరానికి ఏటా ఎనిమిది వేలు కౌలిస్తాం. మూడేళ్ల కౌలు ఇవాళే చేతికిస్తాం.”

లింగం పటాన్‌చెరు ఫ్యాక్టరీలో సోలార్ పలకలే బిగిస్తాడు. ఊళ్లో తనంత తెలిసినవాడు లేడని ఊరికంటే ముందు తనే నమ్మాడు.

“పైన ఎండ ఎంత ఎక్కువ?”

“ఇక్కడికి ఆరింతలు.”

“అయితే ఈడనే ఆరు పలకలు పెడితే సరిపాయె. లక్షకే అయిపోతది. మరి పైకి తోలెటందుకు కిలోకు కిరాయెంత?”

వెంకటరామయ్య గొంతు తగ్గింది. “ప్రస్తుతానికి... ఐదు లక్షలు.”

“పలక పది కిలోలు. యాభై లక్షలు. సన్నగ చేస్తరనుకో, పాతిక. దారిల సగం కరెంటు పాయె. లక్షకు ఈడ దొరికేదాన్ని గంత పెట్టి ఏ పిచ్చోడు కొంటడు?”

“రేట్లు తగ్గుతాయి.”

“తగ్గుతయ్. మా మనుమలకు మనుమలు పుట్టినంక.”

ఈసారి అందరూ పగలబడి నవ్వారు. తువ్వాళ్లు దులుపుకుని లేచారు. వెంకటరామయ్య తల వంచుకుని కాగితాలు సంచీలో పెట్టుకోబోయాడు.

పొద్దుటినుంచి పాసుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రాజవ్వ అప్పుడు ముందుకొచ్చింది. ఆమెకున్నది రెండెకరాలు.

“వేలిముద్ర ఏడ వెయ్యాలె సారూ?”

లింగానికి ఒళ్లు మండింది. “చిన్నమ్మా, నీకు చెవుడా? ఇంతసేపు ఏం చెప్పిన? అది ఈ జన్మల అయ్యే పని కాదు.”

“నిజమేనా?”

“స్టాంపు కాగితం మీద రాసిస్త.”

రాజవ్వ బొటనవేలు సిరాలో అద్దింది.

“అందుకే వేస్తున్న బిడ్డా. నువ్వు చెప్పకముందు, పని మొదలువెట్టి భూమి గుంజుకుంటరేమోనని భయపడ్డ.”